కదలని కుడి మోకాలు

ఈ సంగతి రాయడానికి నాకు ఉత్సాహం లేదు. రాయక తప్పని పరిస్థితి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఫ్రీమాంట్‌లో మా మనవరాలు కూచిపూడి నేర్చుకునే చోట, శనివారాల్లో పిల్లలు లోపల అడుగులు వేస్తుంటే పెద్దలు బయట కుర్చీల్లో కాలక్షేపం చేసే గదిలో, ఒక మాట పుట్టింది. ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టిన తరువాతనే మా పిల్ల మోకాలు పాడయిందన్నది ఆ మాట. అది గుడి భోజనశాలకు పాకింది. అక్కడినుంచి పుట్టినరోజు విందులకు చేరింది. నేను పనిచేసే ఎమ్మారై ప్రయోగశాలకు పిల్లలను పంపుతామని ఒప్పుకున్న తెలుగు కుటుంబాలు దాని ఫలితంగా ఒక్కొక్కటే తప్పుకున్నాయి. విడివిడిగా అందరికీ చెప్పి చెప్పి అలసిపోయాను. జరిగినదాన్ని జరిగిన వరుసలో ఒక్కసారి కాగితం మీద పెడితే, ఇకమీదట అడిగినవారి చేతిలో ఇది పెట్టి ఊరుకోవచ్చు.

మొన్న ఒక విందులో శాంటా క్లారాలో ఇంజనీరుగా పనిచేసే ఒక యువకుడు పెరుగన్నం తింటూ నన్ను అడిగాడు.

"అంకుల్, బ్లడ్‌లో ఐరన్ ఉంటుంది కదా. అంత పెద్ద మాగ్నెట్‌లో పెడితే మోకాల్లో బ్లడ్ అంతా ఒక పక్కకి లాగేయదా?"

"నీ కారు తాళాలను లాగుతుంది. రక్తాన్ని లాగదు."

"మరి మీ మనవరాలికి అలా ఎందుకైంది?"

"కూర్చుని వింటావా? కొంత సమయం పడుతుంది."

"అయ్యో లేదంకుల్, పాపకి స్విమ్మింగ్ క్లాస్ ఉంది," అని చేయి కడుక్కోవడానికి లేచాడు.

అందరూ ఇంతే. అడగడానికి తీరిక ఉంటుంది, వినడానికి ఉండదు.

నేను వైద్యుణ్ణి కాను. భౌతికశాస్త్రం చదివి, ఉద్యోగ జీవితమంతా ఎమ్మారై బొమ్మలతో గడిపినవాణ్ణి. విరమణ తరువాత కూడా ఇక్కడి ఒక విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు వారానికి రెండు పూటలు వెళ్తున్నాను. నాకు అప్పగించిన పని చిన్నది. బొమ్మ తీసేటప్పుడు లోపలివారు కదిలారా లేదా అని పరిశీలించి, కదిలిన బొమ్మలను పక్కన పెట్టాలి. ఈ వయసులో నాకు తగిన పని అదేనని నా అభిప్రాయం. నిశ్చలంగా ఉన్నది నిలుస్తుంది, లేనిది పోతుంది. వాదనకు తావు లేదు.

పెద్దవాళ్ళ మోకాలిలో ఎముకల కొసలకు తొడుగులా ఉండే నున్నటి తెల్లని పొరను మృదులాస్థి అంటారు. దానిలో రక్తనాళాలు ఉండవు. కీలులో ఊరే జిగురు ద్రవమే దానికి ఆహారం. ఎదిగే పిల్లల విషయం వేరు. వారి ఎముక కొసలు ఇంకా కొంతవరకు మృదులాస్థిగానే ఉంటాయి. ఆ మందానికి ద్రవం చాలదు కనుక లోపల వెంట్రుకల వంటి నాళాలు ఉంటాయి. ఎముక లోపలినుంచి ముందుకు జరిగి మృదులాస్థిని తనలో కలుపుకునే కొద్దీ ఆ నాళాలు పని ముగించుకొని మూసుకుపోతాయి. అది క్రమం. ఏదైనా ఒక నాళం తన వంతు రాకముందే మూసుకుపోతే, అది పోషించే చిన్న ముక్క చచ్చిపోతుంది. ముందుకు వస్తున్న ఎముక అక్కడ ఆగిపోతుంది. కాలికి విశ్రాంతి దొరికితే ఆ చోటు కాలక్రమంలో పూడవచ్చు. దొరకకపోతే ఎప్పుడో ఒకప్పుడు పెచ్చులా ఊడవచ్చు.

ఆ నాళాలను మందు ఎక్కించకుండా, కోత పెట్టకుండా చూడాలన్నదే మా పని. ప్రాణవాయువును ఇచ్చివేసి తిరిగి వెళ్ళే రక్తంలోని ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని అతి స్వల్పంగా కలవరపెడుతుంది. ఆ కలవరాన్ని పట్టుకొని నాళాన్ని గీస్తాం. పెరుగన్నం యువకుడి ప్రశ్నలో ఆ మేరకు నిజం ఉంది. అయితే ఆ ఇనుము ఎక్కడికీ పోదు. సన్నని నీడ వేస్తుంది, అంతే.

దీనికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా కావాలి. మంచి మోకాలు ఎలా ఉంటుందో తెలియకుండా చెడ్డదాన్ని గుర్తించలేం. మా అమ్మాయి తన కూతురి పేరు ఇచ్చింది. పిల్లకు పదకొండేళ్ళు. ఆ జూన్‌లో రంగప్రవేశం, అంటే వేదిక మీద ఆమె మొదటి పూర్తి ప్రదర్శన. ఇక్కడ దానికి ఏడాది ముందే హాలు మాట్లాడుకోవాలి, వాద్యబృందాన్ని ఇండియా నుంచి పిలిపించుకోవాలి. ఆ సాయంత్రానికి ప్రాణం తరంగం. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, మోకాళ్ళు వంచి, పళ్ళేన్ని కదుపుకుంటూ తాళం తప్పకుండా ఆడాలి. మా ఇంటి గరాజులో కారు ఉండవలసిన చోట ఆ పళ్ళెం, దాని కింద చెక్కపలక చాలాకాలంగా ఉంటున్నాయి.

ప్రయోగశాలలో ఒక నియమం ఉంది. బంధువుల బొమ్మలను చదవకూడదు. వాటిలో ఏం కనిపించినా పిల్లల ఎముకల డాక్టరే తల్లిదండ్రులకు చెప్పాలి తప్ప మాలో ఎవరూ నోరు మెదపకూడదు. ఆ నియమం రాసినవారిలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఆ బుధవారం కదలికను మాత్రమే నేను చూశాను. తక్కినదంతా యంత్రాన్ని నడిపే సహోద్యోగిని పని. ఆమెది కరీంనగర్. నాకంటే చాలా చిన్నది, పనిలో నాకంటే చురుకైనది.

ముందు కుడి మోకాలు. ఆ వయసు పిల్లల్లో అంత నిశ్చలమైన బొమ్మలు నేను చూడలేదు.

"గింత కదలకుండ ఏ పిల్లా ఉండలె సార్," అంది ఆమె. "మీ మనవరాలనిపిచ్చుకున్నది."

"ఇంట్లో క్రమశిక్షణ ఉంది," అన్నాను. నాకు సంతోషంగానే ఉంది.

తరువాత ఎడమ మోకాలు. మొదటి బొమ్మ రాగానే ఆమె ముందుకు వంగింది. మోకాలిచిప్ప పక్కన దాని నీడ, ఆ పక్కన మరో నీడ, నిచ్చెన మెట్లలా సమాన దూరాల్లో పడి ఉన్నాయి.

"గిదేంది సార్? నాడి కొట్టుకునుడా?"

మోకాలి వెనుక పెద్ద ధమని ఉంటుంది. దాని కొట్టుకోవడం వల్ల ఇలాంటి మెట్లు పడుతుంటాయి. కాని ఈ మెట్లు వెనుకవి కావు, ముందువి. ఆమె మైకు నొక్కింది.

"ఏం బిడ్డా, కాలు కదులుతుందా?"

"నో ఆంటీ. ఐ యామ్ నాట్ మూవింగ్."

మళ్ళీ తీశాం. మళ్ళీ అదే నిచ్చెన. నేను మైకు తీసుకున్నాను.

"అమ్మాయీ, కదలవద్దని చెప్పాను."

"కదలట్లేదు తాతయ్యా. ప్రామిస్."

పిల్ల అబద్ధం చెప్పదు. పైగా తోచక కదిలే పిల్లల బొమ్మలు అలికినట్టు వస్తాయి. సమానమైన మెట్లు పడాలంటే కదలిక కూడా సమానంగా ఉండాలి. అద్దంలోంచి చూశాను. పాదం కదలడం లేదు. యంత్రం దబదబా కొడుతోంది. ఆ దెబ్బలకు సరిగ్గా ఆమె తొడ ముందరి కండ బిగుసుకుంటోంది, వదులవుతోంది.

"నీ మనసులో ఏం నడుస్తోంది?" అని అడిగాను.

"తరంగం. టీచర్ ఆంటీ చెప్పారు కదా, క్లాస్‌లో డ్యాన్స్ చేయలేనప్పుడు కార్నర్‌లో కూర్చుని మైండ్‌లో చేయాలి అని. ఈ మెషీన్ కరెక్ట్‌గా తాళం వేస్తోంది తాతయ్యా."

సహోద్యోగిని నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓర్ని. మన మిషన్‌కు నట్టువాంగం సుత వచ్చన్నట్టు." నవ్వుతూనే మైకులో అడిగింది. "మరి కుడికాలు తీసేటప్పుడు ఎందుకు ఎయ్యలె బిడ్డా?"

"అప్పుడు ఫింగర్స్‌తో వేశాను ఆంటీ."

"ఎందుకట్ల?"

"ఊరికే."

ఆ 'ఊరికే' తరువాత మా గదిలో నవ్వు ఆగిపోయింది. కుడి తొడ కండను బిగించలేని కారణం ఏదో ఉంది. నేను మెచ్చుకున్న నిశ్చలత క్రమశిక్షణ కాదు. నేను లేచి తెరకు వీపు పెట్టి నిలబడ్డాను.

"కుడివైపు బొమ్మలు మీరు చూడండి. నేను చూడకూడదు."

ఆమె చూసింది. చాలాసేపు చూసింది.

"సార్, గీ నియమం ఇయ్యాల పక్కన పెడ్తరా?"

"పెట్టను."

"అయితే నేనేం చెప్ప."

ఆమె చెప్పకపోవడంతో నాకు తెలియవలసింది తెలిసింది. బొమ్మలు డాక్టరుకు వెళ్ళాయి. ఆయన ఊళ్ళో లేడు, సోమవారం వస్తాడు. పైపెచ్చు శనివారం ఉదయం వాద్యబృందంతో మొదటి రిహార్సల్.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో వివరించను. పిల్ల సాయంత్రాలు గరాజులో సాధన చేస్తుంటే ఆ పళ్ళెం రాసుకునే చప్పుడు నా గదిలోకి వచ్చేది. ఒకరోజు కారు పెట్టుకోవాలన్నాను. మరుసటి రోజు తలనొప్పి అన్నాను. నియమాన్ని కాపాడుతున్నవాడు సాకులు వెతుక్కోవలసి రావడం మర్యాదగా లేదు. శుక్రవారం సాయంత్రం వంటింట్లో మా అమ్మాయి ఇడ్లీపిండి గిన్నెలోకి వంపుతూ చెప్పింది.

"రేపు పదింటికల్లా హాల్లో ఉండాలి నాన్నా. పళ్ళెం డిక్కీలో పెట్టేశాను. మీరూ రండి."

"రేపు వద్దు."

"ఏది వద్దు?"

"రిహార్సల్ వద్దు."

"ఎందుకు?"

"కారణం చెప్పకూడదు."

గరిటె ఆగింది. "నాన్నా, మృదంగం ఆయన నిన్ననే దిగారు. జెట్‌లాగ్‌తో మన గెస్ట్‌రూమ్‌లో పడుకుని ఉన్నారు. ఆయన్ని లేపి ఏం చెప్పమంటారు? మా నాన్నగారికి ఏదో రూల్ ఉందనా?"

"సోమవారం తెలుస్తుంది."

"నా చిన్నప్పుడూ ఇంతే. సినిమాకి వద్దంటారు, ఎందుకో చెప్పరు. పిక్నిక్‌కి వద్దంటారు, ఎందుకో చెప్పరు. నాకు నలభై దాటాయి నాన్నా. ఇప్పటికీ చెప్పరా?"

అప్పుడే పిల్ల మెట్లు దిగుతోంది. ప్రతి మెట్టుకూ కుడిపాదం ముందు దించి, ఎడమదాన్ని దాని పక్కకు తెచ్చి, మళ్ళీ కుడిపాదం. ఆ మెట్లు ఆమె రోజూ ఇలాగే దిగుతుంది. రోజూ నేను ఆ ఎదురు కుర్చీలోనే ఉంటాను.

"అమ్మా, తాతయ్యని అడగకు," అంది. "ఆయనకి రూల్ ఉంటే ఉంటుంది. నాకు పెయిన్ ఉంది."

"ఎక్కడ?"

"రైట్ మోకాలు."

"ఎప్పటినుంచి?"

"వింటర్ బ్రేక్ నుంచి."

"బంగారం, మరి చెప్పలేదేం?"

"చెప్తే హాల్ క్యాన్సిల్ చేయాలి కదా. నువ్వు అందరికీ ఫోన్ చేసి చెప్పావు. యు వర్ సో హ్యాపీ."

మా అమ్మాయి పిండి అంటిన చేతులతోనే నేలమీద కూర్చుంది. పిల్ల కాలు ఒడిలోకి తీసుకుని మోకాలి లోపలి పక్కన మెల్లగా నొక్కింది. "ఇక్కడా?" అంటే పిల్ల "ఊఁ" అంది. కొంచెం పైకి జరిపి, "ఇక్కడ?" అంటే కాలు వెనక్కి లాక్కుంది. ఇద్దరూ నావైపు చూడలేదు. నా నియమం నా దగ్గర భద్రంగానే ఉంది. ఆ గదిలో దానితో ఎవరికీ పనిలేదు.

శనివారం మృదంగం ఆయన ఇడ్లీలు తిని మళ్ళీ పడుకున్నారు.

ఆ మాట పుట్టింది ఇక్కడే. బుధవారం యంత్రం, శనివారం ఆట ఆగడం. కుర్చీల గదిలో ఉన్నవారికి మధ్యలోది కనిపించలేదు, వింటర్ బ్రేక్ అసలే కనిపించలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి మొదటిది రెండోదానికి కారణమన్నారు. తర్కంలో ఇది పాత పొరపాటు. కొత్తవారు చేసినంత మాత్రాన కొత్తది కాదు.

సోమవారం డాక్టరు బొమ్మలు చూపించాడు. అప్పుడు మొదటిసారిగా నేనూ చూశాను. ఎడమ మోకాలిలో చివరికి ఒక బొమ్మ చక్కగా వచ్చింది. దానిలో నాళాలు ముళ్ళకంప నీడలా సన్నగా, దట్టంగా ఉన్నాయి. కుడి మోకాలిలో తొడ ఎముక కొసకు లోపలి వైపున ఒక చోట నాళాలు లేవు. ఎముక అంచు అక్కడికి వచ్చి లోపలికి నొక్కుకుపోయింది. ముక్క ఇంకా కదలలేదు. పిల్లకు ఎదుగుదల మిగిలి ఉండడం అదృష్టమన్నాడు. గెంతకూడదు, గొంతుక్కూర్చోకూడదు, పళ్ళెం ఎక్కకూడదు. జూన్‌కు తగ్గుతుందా అని మా అమ్మాయి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

కారులో పిల్ల నన్ను అడిగింది.

"తాతయ్యా, పోయిన వెయిన్ మళ్ళీ వస్తుందా?"

"రాదు."

"మరి?"

"ఎముక మెల్లగా చుట్టూ తిరిగి వచ్చి ఆ చోటును పూడుస్తుంది. తొందరపెట్టకపోతే."

"నువ్వు సైంటిస్ట్ కదా. ష్యూరా?"

"లేదు. తొందరపెడితే ఏమవుతుందో మాత్రం తెలుసు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ముందు సీట్లో తల్లి కళ్ళు తుడుచుకుంటూ హాలు వాళ్ళకు ఫోన్ చేసింది.

నాట్యం వల్ల నాళం మూసుకుపోయిందని నేను అనడం లేదు. ఎందుకు మూసుకుపోయిందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికే ఆ యంత్రం, ఆ పిల్లలు, నా రెండు పూటలు. డ్యాన్స్ టీచర్ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ మాటే చెప్పాను. ఆమె కాఫీ కప్పు పక్కకు జరిపింది.

"నా దగ్గర పిల్లలెవరూ నొప్పి అని అనరండీ," అంది. "అది నా పిల్లల గొప్పతనం అనుకునేదాన్ని."

నేను కుడి మోకాలి బొమ్మలు చూసి అనుకున్నదీ ఇంచుమించు అదే. అయితే ఆమెతో అనలేదు.

జూన్ గడిచింది. ఆ సాయంత్రం హాలులో మరొకరి అమ్మాయి రంగప్రవేశం జరిగింది. మావాళ్ళు వెళ్ళి ముందు వరసలో కూర్చుని వచ్చారు. శనివారాల్లో పిల్ల తరగతి గది మూలన కూర్చుని చిన్నపిల్లలకు తాళం వేస్తోంది. ఇంటికి వచ్చి ఏడవదు. ఎక్కువగా మాట్లాడదు కూడా. ఆ నెలలన్నిటిలో ఇంట్లో అందరమూ దేనికో అలసిపోయినట్టు ఉన్నాం.

ఆకులు రాలే కాలంలో మళ్ళీ యంత్రంలో పడుకోబెట్టాం. ఈసారి కుడి మోకాలు ఒక్కటే. మొదటి బొమ్మ వచ్చింది. సహోద్యోగిని నిట్టూర్చింది.

"చెడిపోయింది సార్. మల్ల నిచ్చెన."

నేను చూశాను. మోకాలిచిప్ప పక్కన దాని నీడ, ఆ పక్కన మరో నీడ, సమాన దూరాల్లో. ఇన్నేళ్ళలో అలాంటి బొమ్మలు ఎన్ని తీసి పక్కన పెట్టానో లెక్కలేదు. మైకు తీసుకున్నాను.

"అమ్మాయీ, నొప్పి ఉందా?"

"వేర్ తాతయ్యా?"

కుడి తొడ కండ నొప్పి మరిచి తాళం వేస్తోంది. సహోద్యోగిని నావైపు చూసి మళ్ళీ తెరవైపు తిరిగింది. బొమ్మ కదిలింది కనుక పక్కన పెట్టమన్నాను. చెరిపివేయవద్దని కూడా చెప్పాను.

మరో బొమ్మ తీయాలి. జతులు మానమంటే పిల్ల మానలేనంది, దెబ్బ వినబడితే కాలే బిగుసుకుంటుందట. ఎక్కాలు చెప్పుకోమంటే వాటికీ తాళం ఉందంది. చివరికి గోడకు అంటించి ఉన్న ప్రయోగశాల భద్రతా నియమాలను నేనే మైకులో తెలుగు చేస్తూ చదివాను. నా గొంతులో ఏ తాళమూ లేదని వాళ్ళమ్మ ఎప్పుడో తేల్చింది. లోహపు వస్తువులు లోపలికి తేరాదు అన్న నియమం పూర్తి కాకముందే పిల్ల నిద్రపోయింది. బొమ్మ అద్దంలా వచ్చింది. నేను లేచి తెరకు వీపు పెట్టి నిలబడ్డాను.

సహోద్యోగిని ఏమీ చెప్పలేదు. కాని ఈసారి ఆమె చెప్పకపోవడంలో కూనిరాగం ఉంది.

నొక్కుకుపోయిన చోట ఎముక సగానికి పైగా పూడిందని తరువాత డాక్టరు చెప్పాడు. పూర్తిగా పూడుతుందని హామీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాను. పళ్ళెం ఇప్పటికీ గరాజు గోడకు ఆనించి ఉంది. నేను కారు బయటే పెడుతున్నాను. ఆ సగాన్ని పోల్చిచూడడానికి మాకు ఆరోగ్యంగా ఉన్న మోకాళ్ళు ఇంకా కావాలి. అవి రావడం లేదు.

ఇందులో నేను పొరబడిన చోట్లు ఉండవచ్చు. నాట్యం నేను నేర్చుకోలేదు. యంత్రపు దెబ్బల్లో పిల్ల విన్నది ఏ తాళమో నాకు తెలియదు, తరంగం గురించి రాసిన మాటల్లో లోపం ఉంటే తెలిసినవారు సవరించండి. నాళాల గురించి నేను చెప్పిన వరుసను ఎముకల వైద్యులు పరిశీలించి, ఎక్కడ తొందరపడి తేల్చేశానో చూపించండి. యంత్రం వల్లనే మోకాలు పాడయిందని ఇంకా నమ్మేవారు ఎవరైనా ఉంటే, ఈ కథనంలో ఏ మెట్టు దగ్గర తప్పు దొర్లిందో వేలు పెట్టి చెప్పండి. కూర్చుని వింటాను. తప్పని తేలితే ఈ కాగితం మీదనే దిద్దుతాను.